ఒకే పేరు, మూడు ద్రావణీయతలు: ఐబుప్రొఫెన్ పట్టికను ఆర్‌డీఎఫ్‌లోకి మార్చిన కేస్ స్టడీ

ఏ మందు దేనిలో ఎంత కరుగుతుందో రాసుకున్న ల్యాబ్ పట్టిక ఇది. అందులో ఆరు కాలమ్‌లు: పదార్థం, సీఏఎస్ నంబరు (రసాయనాలకిచ్చే గుర్తింపు సంఖ్య), ద్రావణి, ఉష్ణోగ్రత, విలువ, యూనిట్. పదార్థం కాలమ్‌లో ఇక్కడ చూడబోయే మూడు వరుసల్లోనూ ఒకటే మాట, నొప్పి మందు ఐబుప్రొఫెన్. మొదటి వరుస: నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లీటరుకు 21 మిల్లీగ్రాములు. రెండోది: పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, లీటరుకు గ్రాముల లెక్కలో. మూడోది మళ్ళీ నీరే, కానీ విలువ దగ్గర “మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల పైనే” అని రాసి ఉంది. మొదటి వరుసకూ మూడో వరుసకూ మధ్య తేడా 4,700 రెట్లకు పైమాటే.

ఫార్ములేషన్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. మొదటిది మామూలు ఐబుప్రొఫెన్, అంటే ఆమ్లం. మూడోసారి తూచింది దాని సోడియం లవణం. సీసా మీద లేబుల్ చూసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు, పట్టికకు తెలీదు. ఈ పట్టికను ఆర్‌డీఎఫ్‌గా (ప్రతి సమాచారాన్నీ ‘వస్తువు — సంబంధం — విలువ’ అనే ట్రిపుల్‌గా రాసే పద్ధతి) మార్చి పబ్‌కెమ్, చెబీ అనే రసాయన డేటాబేస్‌లతో, వికీడేటాతో కలపాలి, బయటివాళ్ళు స్పార్కల్ (ఆర్‌డీఎఫ్‌ను ప్రశ్నించే భాష) క్వెరీ వేస్తే సరైన వరుసలే రావాలి. అదీ పని. ఫైల్ ఫార్మాట్ మార్చడం ఇందులో చిన్న ముక్క. “ఇదీ అదీ ఒకటే” అని ఎక్కడ అనొచ్చు, ఎక్కడ అనకూడదు అన్నది తేల్చుకోవడానికే సమయమంతా పోతుంది.

మొదటి ప్రయత్నం ఎందుకు చెడింది

ఎవరైనా మొదట చేసే పనే ఇక్కడా జరిగింది. ప్రతి వరుసలోని పదార్థానికి ఒక యూఆర్ఐ (వెబ్‌లో ఎక్కడైనా చెల్లే గుర్తింపు పేరు) ఇచ్చి, దాన్ని పబ్‌కెమ్‌లో ఐబుప్రొఫెన్ నంబరు సీఐడీ 3672కి, చెబీలో దాని నంబరు 5855కి, ఔల్ (డేటా అర్థాలను తర్కంలో రాసే భాష)లోని సేమ్‌యాజ్ సంబంధంతో కట్టేశారు. సేమ్‌యాజ్ అంటే ‘దాదాపు ఒకటే’ అని కాదు. ఒకదాని గురించి చెప్పిన ప్రతి వాక్యమూ రెండోదానికీ వర్తిస్తుందని అర్థం. పైగా అది రెండు వైపులా పనిచేస్తుంది, గొలుసులా పాకుతుంది. ఆమ్లం నమూనా సీఐడీకి సమానం, లవణం నమూనా కూడా అదే సీఐడీకి సమానం అని రాస్తే ఆమ్లమూ లవణమూ ఒకటే అని రీజనర్ (తర్కంతో కొత్త వాక్యాలు రాబట్టే సాఫ్ట్‌వేర్) తేల్చేస్తుంది. ఆ తర్వాత అణుభారం అడిగితే రెండు జవాబులు వస్తాయి: 206.28, 228.26. ద్రావణీయత అడిగితే మూడూ వస్తాయి. ఏది దేనిదో వెనక్కి తీసుకునే దారి ఉండదు.

చెబీతో కట్టడంలో ఇంకో తప్పు దాగి ఉంది. చెబీలో 5855 అనేది ఒక క్లాస్, అంటే ఒక రకం. పబ్‌కెమ్ ఆర్‌డీఎఫ్‌లో సీఐడీ ఒక వ్యక్తి నోడ్ (రకాన్ని కాక ఒక్క వస్తువునే సూచించే బిందువు), దానికి రకంగా చెబీ క్లాస్‌ను చూపిస్తారు. రకాన్నీ వ్యక్తినీ సేమ్‌యాజ్‌తో కలిపితే రీజనర్ కొన్నిసార్లు నోరు మెదపదు, కొన్నిసార్లు అర్థంలేని ఫలితాలు కుమ్మరిస్తుంది. నోరు మెదపనప్పుడే ఎక్కువ ప్రమాదం.

దీన్ని సరిదిద్దబోయి ద్రావణీయత సంబంధాన్ని ఫంక్షనల్‌గా ప్రకటించారు, ఒక పదార్థానికి ఒకే విలువ ఉండాలని. దాంతో గొడవ ముదిరింది. రెండు పేర్లున్నంత మాత్రాన రెండు వేర్వేరు వస్తువులని ఔల్ అనుకోదు. ఒకే పదార్థానికి రెండు ఫలితం నోడ్‌లు కనిపిస్తే ‘తప్పు’ అని కేకవేయదు, ఆ రెండు నోడ్‌లూ ఒకటేనని తీర్మానిస్తుంది. 21 మిల్లీగ్రాముల నోడ్, 100 మిల్లీగ్రాముల నోడ్ కలిసి ఒకే ఫలితమై, దానికి రెండు అంకెలు, రెండు యూనిట్లు అతుక్కున్నాయి. డేటాలో తప్పులు పట్టడానికి ఔల్‌ను వాడబోయిన ప్రతిచోటా ఇలాంటిదే ఎదురవుతుంది. తప్పులు పట్టడానికి షాకల్ అనే నియమాల భాష ఉంది, దాని సంగతి తర్వాత.

సీసాకో పేరు, అణువుకో పేరు

పబ్‌కెమ్ ఈ చిక్కును ఏనాడో గుర్తించింది. అక్కడ ఎస్ఐడీ అంటే ఎవరో సమర్పించిన పదార్థం, సీఐడీ అంటే అందులోంచి ప్రామాణికం చేసి తీసిన నిర్మాణం. స్కీమా డాట్ ఆర్గ్ పదకోశంలోనూ మాలిక్యులర్ ఎంటిటీ, కెమికల్ సబ్‌స్టాన్స్ అని రెండు వేర్వేరు రకాలున్నాయి. ఈ కేసులో మూడు పొరలు పెట్టారు.

అడుగున నమూనా: ఫలానా బ్యాచ్‌లోంచి తీసి తూచిన పొడి. దీని యూఆర్ఐలో అర్థమేమీ ఉండదు, వట్టి నంబరే. బ్యాచ్ పేరో, ఇన్‌చీకీయో (అణువు నిర్మాణాన్ని రాసే ప్రామాణిక సంకేతం ఇన్‌చీ నుంచి వచ్చే పొట్టి కోడ్) అందులో ఇరికించకూడదు, ఎందుకంటే రేపు లేబుల్ తప్పని తేలితే యూఆర్ఐ మార్చాల్సి వస్తుంది. మారే యూఆర్ఐని పంచుకుని లాభం లేదు. మధ్యలో రూపం: ఆమ్లమా, సోడియం లవణమా, లవణపు డైహైడ్రేటా (రెండు నీటి అణువులు చేరినది). పైన నిర్మాణం: ఇన్‌చీ చెప్పే అణువు. నిర్మాణానికి మాత్రం ఇన్‌చీకీనే యూఆర్ఐలో వాడొచ్చు, అక్కడ గుర్తింపు అంటేనే నిర్మాణం కాబట్టి.

ఇన్‌చీకీని వాడేవాళ్ళు దాని పొడవు 27 అక్షరాలని గుర్తుంచుకుంటారు గానీ అందులో ఏ ముక్క ఏం చెబుతుందో చూడరు. మొదటి 14 అక్షరాలు అణువు అస్థిపంజరం. తర్వాతి ముక్కలో 8 అక్షరాలు స్టీరియో (పరమాణువుల త్రిమితీయ అమరిక), ఐసోటోప్ వివరాలవి, వాటి వెనక ఎస్ ఉంటే ప్రామాణిక ఇన్‌చీ అని, ఆ తర్వాతది వెర్షన్ అక్షరం. చివరన ఒంటరి అక్షరం ప్రోటాన్ల లెక్క: ఎన్ అయితే తటస్థం, ఎమ్ అయితే ఒక ప్రోటాన్ తగ్గింది. ఐబుప్రొఫెన్ ఆమ్లం, దాని అయాన్ తీసుకుంటే మొదటి రెండు ముక్కలూ ఒకటే, చివరి అక్షరం మాత్రం ఎన్ నుంచి ఎమ్‌కి మారుతుంది. సోడియంతో కలిపి గీస్తే మొదటి ముక్కే మారిపోతుంది, ఎందుకంటే అస్థిపంజరంలోకి సోడియం వచ్చింది. ఎస్-ఐబుప్రొఫెన్‌కు (అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే రెండు రూపాల్లో ఒకటి) మొదటి ముక్క ఆమ్లానిదే, రెండోది వేరు.

రెండో ముక్క యూ, హెచ్, ఆపైన మూడు ఎఫ్‌లతో మొదలైతే స్టీరియో వివరం లేదని అర్థం. ఆ రెండు రూపాలూ సమపాళ్ళలో ఉన్న రేసిమిక్ మిశ్రమానికీ అదే కీ, ‘ఏ రూపమో చెప్పలేదు’ అన్నదానికీ అదే కీ. ఈ రెండింటినీ ప్రామాణిక ఇన్‌చీ వేరు చేయదు. ఐబుప్రొఫెన్‌లో మందుగా ప్రధానంగా పనిచేసేది ఎస్ రూపం కాబట్టి ఇది పట్టించుకోకుండా వదిలేసే తేడా కాదు. అందుకే రూపం పొరలో ‘రేసిమేట్ / ఎస్ / తెలియదు’ అని విడిగా ఒక గుణం పెట్టారు. కీని చూసి ఊహించకుండా బ్యాచ్ సర్టిఫికెట్ చూసి నింపారు.

ఇన్‌చీలను ఆర్‌డీకిట్ అనే రసాయన సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసేటప్పుడు చాలా స్క్రిప్టులు అలవాటు కొద్దీ ముందు లవణాన్ని తీసేస్తాయి. మందుల పోలికలకు అది పనికొస్తుంది. ద్రావణీయత దగ్గర అదే విషం, మొదటి వరుసనూ మూడో వరుసనూ మళ్ళీ ఒక గూటికి చేరుస్తుంది. లవణం తీసిన నిర్మాణాన్ని ‘మాతృ నిర్మాణం’ అనే విడి సంబంధంలో దాచాలి, అసలు నిర్మాణం స్థానంలో పెట్టకూడదు.

బయటి భాండారాలతో లంకెలకు స్కాస్ (పదకోశాలను రాసే, కలిపే ప్రమాణం)లోని ఎగ్జాక్ట్ మ్యాచ్, క్లోజ్ మ్యాచ్ వాడారు. ఆ లంకెలన్నీ కొలతలతో కలపకుండా విడి పేరున్న గ్రాఫ్‌లలో (ట్రిపుల్‌ల గుంపుల్లో) ఉంచారు: పూర్తి ఇన్‌చీకీ కలిసినవి ఒక గ్రాఫ్, మొదటి 14 అక్షరాలు మాత్రమే కలిసినవి ఇంకోటి, మాతృ నిర్మాణం ద్వారా కలిసినవి మూడోది. క్వెరీ వేసేవాళ్ళు తమ పనికి తగ్గ గ్రాఫ్‌ను ఎంచుకుంటారు. సమానత్వాన్ని సందర్భానికి తగ్గట్టు మార్చుకునే ఈ పద్ధతిని, మందుల డేటాను కలిపిన ఓపెన్ ఫ్యాక్ట్స్ ప్రాజెక్టు ‘లెన్స్’ అని పిలిచింది. ఆ ప్రాజెక్టు మిగిల్చిన మంచి ఆలోచనల్లో ఇదే ముందు వరుసలో ఉంటుంది.

కొలత అంటే అంకె ఒక్కటే కాదు

“నీటిలో 21” అన్నది చూడ్డానికి నిఖార్సయిన అంకె. లెక్క వేసి చూస్తే అలా అనిపించదు. లీటరుకు 21 మిల్లీగ్రాములంటే 1.02×10⁻⁴ మోలార్. పీకేఏ (ఆమ్ల బలాన్ని చెప్పే అంకె) 4.9 అనుకుంటే ఆ సంతృప్త ద్రావణం తనంతట తానే పీహెచ్ 4.5 దగ్గరికి దిగుతుంది, కరిగినదాంట్లో దాదాపు 30 శాతం అయాన్‌గా ఉంటుంది. అంటే తటస్థ అణువు సొంత ద్రావణీయత లీటరుకు 15 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. ఈ తేడా పట్టించుకోకుండా 21నే సొంత ద్రావణీయతగా తీసుకుని పీహెచ్ 7.2కి లెక్కకడితే లీటరుకు 4.2 గ్రాములు వస్తుంది. 15తో కడితే 3 గ్రాములు. కొలత ముగిసేసరికి పీహెచ్ ఎంతుందో నమోదు కాకపోతే ఏ అంకెను ఏ లెక్కలో వాడాలో చెప్పే దిక్కు లేదు. బఫర్ డబ్బా మీద రాసిన పీహెచ్ సరిపోదు, ఆమ్లం కరిగాక అది కొద్దిగానైనా దిగుతుంది.

మూడో వరుసలో ఇంకో ముడి. తూచింది లవణపు డైహైడ్రేట్ అయితే అణుభారం 264.29. అందులో ఆమ్లం పాలు 78 శాతమే. “100 మిల్లీగ్రాములు” అన్నది పొడి బరువా, ఆమ్లంగా మార్చి చెప్పిన బరువా? ‘ఏ రూపంగా లెక్కించారు’ అనే గుణం అందుకే తప్పనిసరి చేశారు.

కొలతలను వర్ణించడానికి, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2017లో సిఫారసు చేసిన సోసా పదకోశం సరిపోయింది. విలువ, యూనిట్లకు క్యూయూడీటీ, ఎవరు ఎప్పుడు ఏ ఫైల్‌లోంచి అన్నదానికి ప్రోవ్, నిర్మాణ వివరణలకు కెమ్‌ఇన్ఫ్. కొత్తగా సొంత పదాలు పుట్టించింది నాలుగైదు చోట్లే. ఒక వరుస ఇలా విడుతుంది, చదవడానికి వీలుగా తెలుగులో:

కొలత 0117 — రకం — సోసా కొలత
కొలత 0117 — నమూనా — నమూనా 0041
నమూనా 0041 — రూపం — సోడియం లవణం, డైహైడ్రేట్, రేసిమేట్
కొలత 0117 — ద్రావణి — నీరు, బఫర్ లేదు
కొలత 0117 — ఉష్ణోగ్రత — 298.15 కెల్విన్
కొలత 0117 — చివరి పీహెచ్ — నమోదు కాలేదు
కొలత 0117 — పద్ధతి — షేక్ ఫ్లాస్క్, 24 గంటలు
కొలత 0117 — ఫలితం — ఫలితం 0117
ఫలితం 0117 — సంబంధ గుర్తు — ‘కంటే ఎక్కువ’
ఫలితం 0117 — విలువ, యూనిట్ — 100, మిల్లీలీటరుకు మిల్లీగ్రాము
ఫలితం 0117 — లెక్కించిన రూపం — పొడి బరువు

సంబంధ గుర్తును విలువలోంచి విడదీయడం ముఖ్యం. కెంబల్ (మందు అణువుల డేటాబేస్) కూడా అలాగే చేస్తుంది. “>100” అని ఒకే అక్షరమాలగా (స్ట్రింగ్‌గా) వదిలేస్తే ఫిల్టర్ వేసినప్పుడు ఆ వరుస చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. స్పార్కల్‌లో అంకెతో పోల్చలేని విలువ ఎర్రర్ ఇస్తుంది, ఎర్రర్ వచ్చిన వరుసను ఫిల్టర్ పారేస్తుంది, ఎవరికీ చెప్పదు.

దశాంశ అంకెలకు డెసిమల్ రకం వాడారు. అయితే 21, 21.0 రెండూ ఆ రకంలో ఒకే విలువ. ఎన్ని సార్థక అంకెలో తెలియాలంటే దాన్ని విడిగా రాసుకోవాలి. ఫలితం నోడ్‌కు పేరు పెట్టకుండా బ్లాంక్ నోడ్‌గా వదిలేయాలని అందరికీ అనిపిస్తుంది, రాయడానికి సులువు కదా. కానీ ఫైల్‌ను రెండోసారి లోడ్ చేసినప్పుడు అవే ఫలితాలు కొత్త బ్లాంక్ నోడ్‌లుగా మళ్ళీ పుడతాయి. కొలత ఒకటే, ఫలితాలు రెండు. సగటు మారదు కాబట్టి వెంటనే తెలియదు, లెక్కపెట్టినప్పుడు బయటపడుతుంది.

మార్చేముందు కడగాల్సినవి

మొదట ప్రతి వరుసకూ ఒక ఐడీ కాలమ్ పెట్టి దాన్ని కదలకుండా స్థిరపరచాలి. వరుస నంబరునే ఐడీగా వాడితే ఎక్సెల్‌లో ఎవరో ఒకసారి సార్ట్ నొక్కినప్పుడు యూఆర్ఐలన్నీ తారుమారవుతాయి. అదే ఎక్సెల్ సీఏఎస్ నంబర్లను తేదీలు చేస్తుంది. ఇంకో పట్టికలో, ఉత్ప్రేరకం అవశేషాల కాలమ్‌లో పల్లాడియం నంబరు 7440-05-3 ఉంటే, అది 7440వ సంవత్సరం మే 3 అనుకుంటుంది. ఫైల్ తెరవడానికి ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ప్రకటించాలి, తెరిచాక ప్రకటిస్తే అప్పటికే చెడిపోయి ఉంటుంది.

సీఏఎస్ నంబరులో చివరి అంకె సరిచూసుకోవడానికే ఉంది. ఐబుప్రొఫెన్‌ది 15687-27-1. చివరి 1ని పక్కనపెట్టి కుడినుంచి ఎడమకు 7, 2, 7, 8, 6, 5, 1లను వరుసగా 1 నుంచి 7తో గుణించి కలిపితే 131. దాని ఒకట్ల స్థానం 1, సరిపోయింది. పది వరుసల స్క్రిప్టుతో టైపింగ్ తప్పులు చాలా మటుకు దొరుకుతాయి. అది దాటినంత మాత్రాన నమ్మేయకూడదు: లవణం వరుసలో ఆమ్లం నంబరు పెట్టినా అంకె సరిగ్గానే ఉంటుంది.

యూనిట్ల కాలమ్‌లో మైక్రోగ్రాము రెండు రకాలుగా వచ్చింది. కంటికి రెండూ ఒకటే, కానీ యూనికోడ్‌లో మైక్రో గుర్తు ఒక అక్షరం, గ్రీకు మ్యూ ఇంకో అక్షరం. యూనికోడ్‌లోని ఎన్ఎఫ్‌కేసీ సాధారణీకరణ ఈ రెండింటినీ కలుపుతుంది. దాన్ని యూనిట్ల కాలమ్‌కే పరిమితం చేయాలి. విలువల కాలమ్ మీద నడిపితే పైన రాసిన ఘాతాంకాలు కిందికి దిగుతాయి, 10⁻³ కాస్తా పదిలోంచి మూడు తీసివేతలా మారుతుంది. అది ఏడని చదివే స్క్రిప్టు ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది.

తెలుగు లేబుళ్ళ దగ్గర చిక్కు వేరు. ‘ఐబుప్రొఫెన్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కీబోర్డు జోడించే కనిపించని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, విడిగా ‘ఐబుప్రొఫెన్’ అని కాపీ చేసినప్పుడు తోకలా వెంట వచ్చేస్తుంది. రెండు లేబుళ్ళూ చూడ్డానికి ఒకటే, స్పార్కల్‌కు రెండు వేర్వేరు అక్షరమాలలు. ఎన్ఎఫ్‌కేసీ దీన్ని తీసేయదు. లేబుల్ చివరన ఉన్నదాన్ని మాత్రం స్క్రిప్టుతో తీసేయాలి. మధ్యలో ఉన్నవాటిని ముట్టుకోకూడదు, తీస్తే పొల్లు పోయి ఒత్తు అవుతుంది, మాట రూపమే మారుతుంది. ఇబుప్రోఫెన్, ఐబూప్రోఫెన్ లాంటి రాతలన్నీ స్కాస్‌లో ఆల్ట్ లేబుల్‌గా వెళ్ళాయి, ఒక్కటే ప్రిఫర్డ్ లేబుల్, అన్నింటికీ తెలుగు భాషా ట్యాగ్. పేరుతో మాత్రం ఎప్పుడూ జోడించకూడదు, జోడింపు ఇన్‌చీకీతోనే.

ఉష్ణోగ్రత దగ్గర “ఆర్‌టీ” (రూమ్ టెంపరేచర్) అని రాసి ఉన్న వరుసలకు 25 అని నింపేయాలనిపిస్తుంది. నింపలేదు. మన ఊళ్ళలో ఏసీ లేని గదిలో మే నెల గది ఉష్ణోగ్రత 25 కాదు. వాటికి ‘కొలవలేదు’ అని గుర్తు.

మార్పిడికి టార్కల్ అనే ఉపకరణం చాలు: సీఎస్వీ ఫైల్ మీద ట్రిపుల్‌లు తయారుచేసే స్పార్కల్ కన్‌స్ట్రక్ట్ క్వెరీ నడుస్తుంది, నేర్చుకోవాల్సిన కొత్త భాష లేదు. పట్టికలు అనేకం, ఒకదానికొకటి జోడించాల్సినవి అయితే ఆర్‌ఎంఎల్ అనే మార్పిడి భాష మేలు. ఫైల్ యూటీఎఫ్-8లో ఉండాలి. వచ్చిన టర్టిల్ ఫైల్‌ను (ఆర్‌డీఎఫ్‌ను రాసే ఒక రూపం) జెనా రయట్ ఉపకరణంతో వాక్యనిర్మాణం సరిచూసి, పైషాకల్‌తో నియమాలు సరిచూసి, ఆ తర్వాతే ఫ్యూసెకి సర్వర్‌లోకి ఎక్కించారు.

షాకల్ పట్టింది, పట్టనిది

యూనిట్ లేని కొలతను చూసి ఔల్ ‘ఉండే ఉంటుంది, మనకు చెప్పలేదంతే’ అనుకుంటుంది. షాకల్ ‘లేదు కాబట్టి తప్పు’ అంటుంది. పెట్టిన నియమాలు: కొలతకు నమూనా ఒకటే ఉండాలి. ఫలితానికి విలువ, యూనిట్, సంబంధ గుర్తు, లెక్కించిన రూపం ఒక్కొక్కటే. యూనిట్ ముందే ఇచ్చిన జాబితాలోదే. నీటి ద్రావణాల ఉష్ణోగ్రత 273.15 నుంచి 373.15 కెల్విన్ మధ్య. సెల్సియస్‌లో వదిలేసిన 25 వెంటనే దొరికిపోయేది ఇక్కడే. ఇన్‌చీకీ 14, 10, 1 పెద్దక్షరాల ముక్కలుగా, మధ్యలో అడ్డగీతలతో ఉండాలి.

అన్నింటికంటే పనికొచ్చిన నియమం రసాయన జ్ఞానంతో రాసింది: రూపం ‘ఆమ్లం’ అయి, బఫర్ లేని నీటిలో విలువ లీటరుకు ఒక గ్రాము దాటితే హెచ్చరిక. తప్పు అనకూడదు, హెచ్చరిక చాలు. రూపం తప్పు రాసిన లవణం వరుసలను ఇదే వలేసి పడుతుంది. అయితే ఈ హద్దు ఐబుప్రొఫెన్‌కు సరిపోయేది, పారాసెటమాల్‌కు అదే హద్దు పెడితే ప్రతి వరుసా హెచ్చరికే, అది నీటిలో లీటరుకు 14 గ్రాముల దాకా కరుగుతుంది. హద్దులు పదార్థం వారీగా ఉండాలి.

బయటికి పంపడం

వికీడేటాలో ఇన్‌చీకీ గుణం పీ235. ఫెడరేటెడ్ క్వెరీలో (సొంత భాండారాన్నీ బయటిదాన్నీ కలిపి అడిగేది) ముందు సొంత భాండారంలోంచి కీలు తీసి, వాటిని వాల్యూస్ జాబితాగా అవతలికి పంపాలి. తలకిందులుగా చేస్తే వికీడేటా తన దగ్గరున్న సమ్మేళనాలన్నీ వెతకబోయి 60 సెకన్ల గడువు దాటిపోతుంది. ఇంకో జాగ్రత్త: అక్షరమాలకు ఒకవైపు భాషా ట్యాగ్ ఉండి ఇంకోవైపు లేకపోతే అవి సమానం కావు, రెండు వైపులా స్ట్ర్ ఫంక్షన్‌తో ట్యాగ్ తీసేసి పోల్చాలి. ఉపనిర్మాణ అన్వేషణ (అణువులో ఫలానా ముక్క ఉందా అని వెతకడం) మామూలు స్పార్కల్‌తో జరగదు. అందుకు ప్రాగ్‌లోని ఐడీఎస్ఎమ్ లాంటి, రసాయన అన్వేషణ జోడించిన ఎండ్‌పాయింట్‌కు (క్వెరీలు తీసుకునే వెబ్ చిరునామాకు) వెళ్ళాలి.

లైసెన్సులు ముందే చూసుకోవాలి. వికీడేటా సీసీ0 (షరతులేవీ లేవు), చెబీ సీసీ బై 4.0 (మూలం పేరు చెప్పాలి), కెంబల్ సీసీ బై-ఎస్ఏ 3.0 (పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచాలి), సీఏఎస్ కామన్ కెమిస్ట్రీ వాణిజ్యేతర వాడకానికే. వీటన్నింటిలోంచి ముక్కలు తెచ్చి ఒకే ఫైల్‌లో పోసి సీసీ0 అని రాస్తే చెల్లదు. అందుకే సొంత కొలతలు ఒక గ్రాఫ్, ఒక లైసెన్స్. బయటి లంకెల గ్రాఫ్‌లలో యూఆర్ఐలు మాత్రమే, అవతలి విలువలు కాపీ చేయలేదు. సమానత్వాల కోసం విడదీసిన గ్రాఫ్‌లు లైసెన్సుల దగ్గరా అక్కరకొచ్చాయి.

“ఐబుప్రొఫెన్ ఆమ్లం, బఫర్ లేని నీరు, 298.15 కెల్విన్” అనే క్వెరీకి ఇప్పుడు మొదటి వరుస ఒక్కటే వస్తుంది. నోట్‌బుక్‌లో ఆమ్లమో లవణమో రాయని వరుసలు కొన్ని మిగిలాయి. వాటిని తీసేయలేదు, ఊహించి ఏదో ఒక గూట్లో వేయలేదు. రూపం దగ్గర ‘తెలియదు’ అనే విలువతో భాండారంలోనే ఉన్నాయి, క్వెరీ ఫలితం కింద ఎన్ని ఉన్నాయో విడి సంఖ్యగా కనిపిస్తాయి. ఆ బ్యాచ్‌ల సర్టిఫికెట్లు దొరికిన రోజున ఒక్కో వరుసకు ఒక్కో ట్రిపుల్ మారిస్తే చాలు, యూఆర్ఐలు అవే ఉంటాయి.